కాల్చని తుపాకుల సంఘం

నేను ఒక రివాల్వర్‌ని. ఉలిక్కిపడకండి. పదహారేళ్ళు నిండేదాకా నా వల్ల ఈగకైనా హాని జరగలేదు. ఎందుకు జరగలేదో చెప్పుకోవడానికే ఈ కథ మొదలుపెట్టాను.

నా రూపురేఖలు ముందు చెప్పేస్తాను. ఐదు తూటాలు పట్టే చక్రం, పొట్టి గొట్టం, చేతికి ఇమిడే కర్రపిడి. మొత్తం కలిపి ఆరొందల యాభై గ్రాములు. మీ వంటింట్లో ఓ మోస్తరు ఆనపకాయ నాకంటే బరువుంటుంది. కానీ నా కడుపులో పట్టే తూటా మాత్రం ఎలుగుబంటిని నిలువునా ఆపడానికి చేసింది. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. తుపాకీ బరువుగా ఉంటే పేలినప్పుడు వెనక్కి తన్నే తాపు చాలావరకు అదే మింగేస్తుంది. తేలిగ్గా ఉంటే ఆ తాపునంతా తీసుకెళ్ళి పట్టుకున్నవాడి అరచేతికి అప్పగిస్తుంది. నేను అప్పగించే రకాన్ని.

నేను పుట్టింది అమెరికాలో, మంచు బాగా కురిసే ఒక ఊళ్ళోని కార్ఖానాలో. మోసేటప్పుడు జేబురుమాలంత తేలిగ్గా ఉండాలి, పేల్చేటప్పుడు ఫిరంగిలా ఉండాలి అని అక్కడి పెద్దలు ముచ్చటపడ్డారు. ఈ రెండు ముచ్చట్లూ ఒకచోట ఇమడవని చెప్పడానికి ఆ గదిలో ఎవరికీ నోరు రాలేదు. అల్యూమినియంలో స్కాండియం అనే అరుదైన లోహాన్ని చిటికెడు కలిపి నా ఒళ్ళు పోశారు. టైటానియంతో చక్రం చేశారు. పరీక్ష చేసే ఆయన తోలు చేతొడుగు వేసుకుని నాతో రెండే రెండు తూటాలు కాల్చాడు. నన్ను బల్ల మీద పెట్టి, కుడిచేతిని కాసేపు విదిలించి, ఎడమచేత్తో కాగితం మీద 'బాగుంది' అని రాశాడు. నా మొదటి ఆనందం అదే. పదహారేళ్ళపాటు చివరిదీ అదే అయింది.

మూడు వందలు చేద్దామనుకున్నవాళ్ళు నూట నలభైతో ఆపేశారు. కొన్నవాళ్ళు ఒకసారి పేల్చి, రెండోసారి పేల్చే ధైర్యం లేక తిరిగి పంపేశారట. అక్కడితో మా కథ ముగియాల్సింది. కానీ మనుషుల సంగతి మీకు తెలియనిది కాదు. నూట నలభై మాత్రమే ఉన్నాయని తెలిసిన మరుక్షణం, మమ్మల్ని తిట్టినవాళ్ళే మా కోసం ఎగబడ్డారు. ఎవరికీ అక్కర్లేక అరుదైపోయాం, అరుదైపోయాం కాబట్టి అందరికీ కావాల్సి వచ్చాం. పైగా సేకరించేవాళ్ళలో ఒక కట్టుబాటుంది. తుపాకీ పెట్టె విప్పకూడదు, విప్పినా కాల్చకూడదు, కాల్చనిదానికే గౌరవం. కార్ఖానాలో పరీక్షకు కాల్చింది లెక్కలోకి రాదట.

నన్ను మొదట కొన్నది అలాస్కాలో చేపలు పట్టే ఒక ఆసామి. ఎలుగుబంట్లు తిరిగే ఏటి ఒడ్డుకి వెళ్తాడు కాబట్టి కొన్నాడు. నాలాంటిదాన్నే పేల్చిన స్నేహితుడొకడు దాన్ని ఏట్లో జారవిడిచి, చెయ్యి పట్టుకుని అరగంట కూలబడ్డాడట. ఆ కబురు వినగానే ఈయన నన్ను పెట్టెలో పెట్టేసి, ఎలుగుబంట్లు లేని ఏరు వెతుక్కున్నాడు. తరవాత ఒహాయోలో గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గర తొమ్మిదేళ్ళున్నాను. తెల్లటి చేతొడుగులు వేసుకుని నెలకోసారి నా మూత తీసేవాడు, చూసేవాడు, నిట్టూర్చేవాడు, మూసేసేవాడు. పెళ్ళిచూపులు మాత్రమే జరిగి పెళ్ళి జరగని పిల్లకి ఎలా ఉంటుందో నన్నడగండి.

ఆ ముసలాయన నుంచి నన్ను కొని టెక్సాస్ తెచ్చుకున్నవారు కలిదిండి వీరభద్రరాజుగారు. వారిది భీమవరం దగ్గర పల్లె. పళ్ళ డాక్టరు. అతి మెత్తని మనిషి. పన్ను పీకేముందు ఆ పన్నుకే క్షమాపణ చెప్పుకునేలా మాట్లాడతారు. అయితే వారి తాతగారు పోలవరం అడవుల్లో అడవిపందుల్ని వేటాడిన మనిషి. బుర్రమీసాలు, భుజాన తుపాకీ ఉన్న ఆయన ఫొటో క్లినిక్‌లో, పళ్ళు ఎలా తోముకోవాలో చూపించే బొమ్మ పక్కనే వేలాడుతూ ఉంటుంది. ఆ మీసాలకి తగ్గట్టు బతకాలన్నదే మా రాజుగారి బాధ.

ఆ బాధ వారిని ఒక సంఘంలో చేర్చింది. టెక్సాస్‌లో తెలుగువాళ్ళు పదకొండుమంది, నాలాంటి తేలిక రివాల్వర్లు సేకరించేవాళ్ళు, కలిసి పెట్టుకున్న సంఘం. ఏడాదికోసారి, దసరా వెళ్ళిన శనివారం ఊరి బయట ఎర్ల్ అనే ముసలాయన నడిపే కాల్పుల మైదానంలో కలుస్తారు. ఒక బల్ల మీద మఖ్మల్ గుడ్డ పరిచి మమ్మల్ని వరసగా పెడతారు. చేతొడుగులు వేసుకుంటారు, భూతద్దాలు తీస్తారు. ఇంకో బల్ల మీద పులిహోర, నాటుకోడి వేపుడు, పెరుగావడలు. ఆ బల్ల దగ్గర చేతొడుగులు తీసేస్తారు. మధ్యాహ్నం దాకా చూసుకుని, తిని, కోతలు కోసుకుని, ఒక్క తూటా కాల్చకుండా ఇళ్ళకి వెళ్ళిపోతారు.

ఆ కోతల సంగతి చెప్పకపోతే నా కథ మీకు అర్థం కాదు. సేకరించేవాళ్ళు గొప్పగా చెప్పుకునే మాటొకటుంది. ఒకటి దాచుకోవడానికి, రెండోది కాల్చుకోవడానికి. సంఘంలో పదకొండుమందికీ ఆ రెండోది ఉంది. దాన్ని కళ్ళతో చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. అధ్యక్షుడు కొండల్‌రెడ్డిగారు కరీంనగర్ మనిషి, పెట్రోలు బంకుల యజమాని. ఆయన తన రెండోదానితో నూరు గజాల దూరంలో కొబ్బరికాయ పగలగొట్టారట. గుంటూరు శేషగిరిగారు ఒక్క పూటలో నలభై తూటాలు కాల్చి, అదే చేత్తో వెళ్ళి టెన్నిస్ ఆడారట. మా రాజుగారు తక్కువ తినలేదు.

"నెలకో పెట్టె ఖాళీ అయిపోద్దండి నాకు. మొదట్లో కాస్త చురుక్కుమనేదిగానీ, ఇప్పుడసలు చేతికి తెలీట్లేదండి, ఆయ్," అనేవారు.

నేను మఖ్మల్ గుడ్డ మీద పడుకుని, పుట్టనే పుట్టని నా కవల చేసిన ఘనకార్యాలు వింటూ ఉండేదాన్ని. మీరే చెప్పండి, ఒళ్ళు మండదా?

ఇంట్లో సువర్చలగారికి, అంటే రాజుగారి భార్యకి, ఆ రెండోది మైదానంలో బీరువాలో ఉంటుందని చెప్పారు. ప్రతి నెలా మొదటి శనివారం కొత్త తూటాల పెట్టె ఒకటి చంకన పెట్టుకుని, తోడుకి నన్ను కూడా కారులో వేసుకుని బయల్దేరేవారు. మైదానం బయట చెట్టునీడన కారు ఆపేవారు. అద్దం దించి, సీటు వెనక్కి వాల్చి, పాత పాటలు పెట్టుకుని, దారిలో కొన్న మిరపకాయ బజ్జీలు తింటూ గంటసేపు కూర్చునేవారు. లోపల్నుంచి ఎవరో పేల్చిన ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడి భుజాలు ఎగరేసేవారు. గంట కాగానే చెయ్యి నొప్పెట్టినట్టు ఓసారి రుద్దుకుని ఇంటికి వచ్చేసేవారు. తూటాల పెట్టె క్లినిక్‌కి చేరేది, దూది ఉండలు పెట్టే అలమర వెనక్కి. రాజుగారికి నేనంటే ప్రాణం. నేను పేలడమంటే భయం. నాకైతే వారు పిరికివారని కోపం లేదు, నన్ను కూడా పిరికిదాన్ని చేశారన్నదే కోపం.

కిందటేడు దసరా ముందు ఎర్ల్ నుంచి సంఘానికి ఒక ఉత్తరం వచ్చింది. ఆరేళ్ళుగా చూస్తున్నాననీ, మీ భోజనాలు ఘుమఘుమలాడతాయనీ, కానీ తనది కాల్పుల మైదానమనీ రాశాడు. ఈసారి ప్రతి ఒక్కరూ, ఎవరి తుపాకీతో వాళ్ళు, ఐదేసి తూటాలు కాల్చాలి, కాల్చనివాళ్ళు వచ్చే ఏడు భోజనాలకి ఏదైనా పార్కు చూసుకోవాలి అని తేల్చేశాడు. ఆ ఉత్తరం చదివి రాజుగారు రెండురోజులు అన్నం సరిగ్గా తినలేదు. సంఘం ముందు పరువు గోదాట్లో కలిస్తే కలిసింది. ఆరేళ్ళుగా భార్యకి అబద్ధం చెప్పానని ఆమె ఎదురుగానే బయటపడితే ఏ ముఖం పెట్టుకుని తిరగాలి? ఆ రోజు పులిహోర తెచ్చేది ఆవిడే మరి.

మధ్యలో విజయదశమి వచ్చింది. రాజుల ఇళ్ళలో ఆయుధపూజ మానరు. మామూలు రోజుల్లో చేతొడుగు లేకుండా నన్ను తాకని రాజుగారు, ఆ రోజు స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, నన్ను పీట మీద పెట్టి ఒట్టి చేత్తో గంధం అద్దారు. భయంతో ఉన్న మనిషి భక్తి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక బొట్టుతో పోయేదానికి చక్రంలోని ఐదు గదుల ముందూ గంధం, దాని మీద కుంకుమ, పైన పసుపునీళ్ళు. "తల్లీ, నా పరువు నీదే," అని దండం పెట్టారు. తరవాత పైపైన తుడిచారు గానీ, చక్రానికీ గొట్టానికీ మధ్య ఉండే వెంట్రుకంత సందులో గంధం అలాగే ఉండిపోయి గట్టిపడింది. నా ఊపిరి బిగిసిపోయింది.

శనివారం వచ్చింది. బల్ల మీద మమ్మల్ని వరసగా పెట్టారు. పదకొండుమందీ ఒకరి ముఖం ఒకరు చూడకుండా తుపాకుల్నే చూస్తున్నారు. కొండల్‌రెడ్డిగారు భూతద్దంతో నా మీదికి వంగి ఆగిపోయారు. చక్రం అంచున పసుపూ ఎరుపూ కలిసిన చుక్క మిగిలి ఉంది.

"ఇగ చూడుండ్రి," అన్నారు పెద్ద గొంతుతో. "గీ రంగు చుక్క కార్ఖానల పెద్ద ఇన్‌స్పెక్టర్ పెట్టేది. నూట నలభైల నాలుగైదింటికే ఉంటది. నాకెర్కనే, నేను చదివిన. రాజుగారూ, మీది మస్తు అరుదైన ముక్క."

పదిమందీ మూగారు. ఒకరు ఫొటో తీశారు. ఇంకొకరు ఆ చుక్క చేత్తో పెట్టిందా, యంత్రం పెట్టిందా అని వాదానికి దిగారు. రాజుగారు నోరు తెరిచి, కొండల్‌రెడ్డిగారి ముఖంలో వెలుగు చూసి, మళ్ళీ మూసుకున్నారు. అటు పక్క గరిటె పట్టుకుని నిలబడ్డ సువర్చలగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అంతలో ఎర్ల్ వచ్చాడు. సరే, మీరెప్పుడూ చెప్పుకునే ఆ రెండో తుపాకులు తియ్యండి అన్నాడు. మీరు ఆ పది నిమిషాలూ చూసి ఉండాల్సింది. ఒకాయన రెండోది కార్ఖానాకి మరమ్మతుకి వెళ్ళింది. ఒకాయనది బావమరిది పట్టుకెళ్ళాడు. శేషగిరిగారిది ఇల్లు మారేటప్పుడు ఏ పెట్టెలో సర్దారో తెలియట్లేదు. కొండల్‌రెడ్డిగారిది కాల్చీ కాల్చీ అరిగిపోయింది. పదకొండు రెండో తుపాకులూ ఒక్కరోజే మాయమయ్యాయి. ఎర్ల్ అందరి మాటా ఓపిగ్గా విని, అయితే బల్ల మీదున్నవాటితోనే కాల్చండి అన్నాడు.

"రాజుగారూ, మీదే షికారు చేసిన తాతల ఖాన్‌దాన్," అన్నారు కొండల్‌రెడ్డిగారు, గభాలున ఒకడుగు వెనక్కి వేసి. "మీతోనే షురూ కావాలె. గదే మర్యాద."

మర్యాద అన్న మాట వినపడ్డాక రాజులు కాదనలేరు. రాజుగారు చెవులకి అడ్డాలు, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, నన్ను తీసుకుని, నిలబడి కాల్చే గీత దగ్గరికి నడిచారు. నాకు సంతోషంతో కర్రపిడి ఊడిపోతుందేమో అనిపించింది. చక్రం పక్కకి తియ్యబోయారు. రాలేదు. లాగారు. కదల్లేదు. ఆ క్షణంలో వారి ముఖం మీద విరిసిన ఆనందం నేనెప్పటికీ మరచిపోలేను.

"అయ్యయ్యో, బిగుసుకుపోయిందండీ," అన్నారు, ఏడుపు గొంతు తెచ్చుకోబోయి తెచ్చుకోలేక. "పోన్లెండి, వచ్చే ఏడు చూద్దావండి."

నేను లోపల్లోపల కుమిలిపోయాను. ఇంత దూరం వచ్చి, గంధం ముద్దకి బలైపోయానా అనుకున్నాను.

"ఏదండీ, ఇలా ఇవ్వండి," అన్నారు సువర్చలగారు.

ఆవిడ గాజుకి నాలుగు పిన్నీసులు వేలాడుతున్నాయి. ఒకటి తీసి, నన్ను వెలుతురుకి పెట్టి, సందులో పట్టిన గంధాన్ని ఓపిగ్గా గీకారు. పిల్లల చెవుల్లో గుబిలి తీసే చెయ్యి అది. ఐదు నిమిషాల్లో చక్రం గిర్రున తిరిగింది. రాలిన పొడిని ఆవిడ వేలితో తీసి వాసన చూశారు.

"రెడ్డిగారూ, మీ ఇన్‌స్పెక్టరు మంచి గంధం వాడతారండి. మైసూరుది."

పదిమందీ ఘొల్లున నవ్వారు. కొండల్‌రెడ్డిగారు భూతద్దం జేబులో పెట్టేసుకున్నారు. ఎర్ల్ ఒక సన్నటి చువ్వ పోనిచ్చి, గొట్టం శుభ్రంగా ఉందని చూసి, ఇక కాల్చవచ్చని తల ఊపాడు.

రాజుగారికి ఇక దారి లేదు. ఐదు తూటాలూ పెట్టారు. నన్ను ఎత్తారు. చెయ్యి ఎంత వణికిందంటే నాకే కళ్ళు తిరిగాయి. ఒక నిమిషం అయింది, రెండయ్యాయి. చివరికి నన్ను దించి, తూటాలు బయటికి తీసి, బల్ల మీద పెట్టి, చెవుల అడ్డాలు తీసేశారు.

"నాకు రెండోది లేదండి," అన్నారు నేలచూపులు చూస్తూ. "ఎప్పుడూ లేదండి. నేనసలు ఒక్కటీ కాల్చలేదు. భయవండి. సువర్చలా, నీక్కూడా అబద్ధమే చెప్పేను."

సువర్చలగారు చేతిలో పిన్నీసు మళ్ళీ గాజుకి తగిలించుకున్నారు.

"తెలుసండి," అన్నారు. "క్లినిక్‌లో దూది వెనకాల డెబ్భయ్యొక్క పెట్టెలున్నాయి. ఒక్కదానిక్కూడా సీలు తియ్యలేదు. నెలనెలా కాల్చే మనిషి పెట్టెలు అలాగుండవు కదండీ."

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"మూడేళ్ళయిందండి. ఓ శనివారం ఇటుగా వస్తా కారు చూసేను. సీటు వాల్చుకుని బజ్జీ తింటా పాట పాడుకుంటన్నారు. వారం పొడుగునా ఒకళ్ళ నోట్లోకి చూస్తా కూర్చునే మనిషికి అదొక్కటే గదా సెలవు, చెడగొట్టడం దేనికని ఊరుకున్నాను."

రాజుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అద్దాల మీద దుమ్మేమీ లేదు.

అప్పుడు శేషగిరిగారు గొంతు సవరించుకున్నారు. "నాది ఏ పెట్టెలోనూ లేదులేండి. అసలు ఉంటే గదా. టెన్నిస్ కూడా నాకు రాదు." ఆయన వెనకే ఇంకొకాయన, ఆ వెనక మరొకాయన. చివరికి మిగిలింది అధ్యక్షులవారు. పదిమందీ ఆయన వంకే చూశారు.

"కొబ్బరికాయ నిజమే," అన్నారు కొండల్‌రెడ్డిగారు. "గుడి మెట్టుకు కొట్టిన."

ఆ నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఒకాయన పెరుగావడ గిన్నె మీద చెయ్యి వేసి కూర్చుండిపోయాడు. నవ్వులు సద్దుమణిగాక సువర్చలగారు నా వైపు చూశారు.

"ఏవండీ, నన్నోసారి కాల్చనిస్తారా? మూడేళ్ళుగా అడుగుదావనే అనుకుంటన్నాను. ఓ నాలుగు పెట్టెలు కారులో వేసుకొచ్చేను కూడానండి."

ఆవిడ కొంగు నడుముకి బిగించారు. ఐదు తూటాలూ మళ్ళీ పెట్టి, చెవులకి అడ్డాలు పెట్టుకున్నారు. రెండు చేతులతో నన్ను గట్టిగా పట్టుకుని, ఎర్ల్ చెప్పినట్టు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డారు. చక్రం కదిలింది. సుత్తి వెనక్కి వెళ్ళింది. పదహారేళ్ళు.

ఏం చెప్పమంటారు? పేలాను. ఒళ్ళంతా పేలాను. నా నోట్లోంచి బారెడు మంట వచ్చింది. గొట్టం ఆకాశం వైపు లేచింది. గుండు లక్ష్యాన్ని వదిలేసి పక్క వరసకి పెట్టిన మూడో నంబరు పలకని పడగొట్టింది. సువర్చలగారు రెండడుగులు వెనక్కి వచ్చి, ఒక్క క్షణం నిలబడి, పగలబడి నవ్వారు. చిన్నపిల్లలు రంగులరాట్నం దిగి నవ్వే నవ్వు అది. మిగతా నాలుగూ వరసగా కాల్చారు. నాలుగోది లక్ష్యం అంచుకి తగిలింది. ఆరేళ్ళలో మొదటిసారి ఎర్ల్ చప్పట్లు కొట్టాడు.

"చెయ్యి మండిపోతందండి," అన్నారావిడ అరచెయ్యి భర్తకి చూపిస్తూ. ఎర్రగా కందిపోయింది. "భలేగుంది. మీరు కూడా కాల్చండి. భయమేస్తే వెయ్యనివ్వండి, దానిపాటికది వేస్తది."

రాజుగారు కాల్చారు. పేలాక చాలాసేపు కళ్ళు తెరవలేదు. తెరిచాక ఇంకో నాలుగు కాల్చారు. ఆ తరవాత పిడికిలి విప్పలేక నన్ను సువర్చలగారే వేళ్ళలోంచి విడిపించాల్సి వచ్చింది.

మిగతా పదిమందికీ చేతులు దురద పెట్టడం మొదలైంది. కానీ వాళ్ళ తుపాకులు కాల్చనివి, అరుదైనవి, వాటి గౌరవం పోతుంది కదా. అందుకని అందరూ నా ముందే వరస కట్టారు. "ఒక్కటి, ఒకే ఒక్కటి," అంటూ వచ్చినవాళ్ళు ఐదేసి కాల్చి, చెయ్యి ఊదుకుంటూ మళ్ళీ వరస చివరికి వెళ్ళి నిలబడ్డారు. ఎవడి తుపాకీ వాడు కాల్చాలన్న షరతు సంగతి ఎర్ల్ ఎత్తనే లేదు. అతనూ వరసలోనే ఉన్నాడు. నాలుగు పెట్టెలూ అయిపోయాయి. నాటుకోడి చల్లారిపోయింది. పదకొండుమందిలో ఒక్కడు కూడా ఆ పూట కుడిచేత్తో సరిగ్గా ముద్ద కలపలేకపోయాడు. చెంచాలతో తిన్నారు, అదీ ఎడమచేత్తో.

సంఘం పుస్తకంలో అరుదైనవాటి జాబితాలోంచి నా నంబరు కొట్టేశారు. ఇప్పుడు నా చక్రం మీద నల్లటి మసి వలయాలున్నాయి, పిడి మీద ఒక గీత పడింది. మఖ్మల్ గుడ్డ మీద నాకిక చోటు లేదు. ఈ ఏడు సభకి అక్కడ పది రివాల్వర్లు ఎప్పటిలాగే మెరుస్తూ, చేతొడుగుల మధ్య చేతులు మారుతూ పడుకుని ఉన్నాయి. నేను బయట గీత దగ్గర పనిలో ఉన్నాను. వాటికి నా చప్పుడు వినపడుతూనే ఉంటుంది. పాపం, ఏమనుకుంటున్నాయో.

మొదటి శనివారాలు మాత్రం మారలేదు. చెట్టునీడన కారు, పాటలు, బజ్జీలు, అన్నీ ఉన్నాయి, పక్క సీట్లో సువర్చలగారు కూడా ఉన్నారు. గంట కాగానే ఇద్దరూ లోపలికి వస్తారు. ముందు ఆవిడ నవ్వుతూ కాలుస్తారు. తరవాత రాజుగారు నన్ను అందుకుంటారు. ఏడాది గడిచినా ఆ చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంటుంది. వణుకుతూనే, నన్ను గట్టిగా పట్టుకుంటుంది.